పిట్ట ఎందుకు ముట్టింది?

2023 మార్చి 3న ‘బలగం’ విడుదలైంది. సిరిసిల్ల బిడ్డ వేణు ఎల్దండి తీసిన తొలి సినిమా అది. అంతకుముందు జబర్దస్త్ వేదిక మీద నవ్వించిన మనిషి, ఒక చావింటి చుట్టూ కథ అల్లి, దాన్ని తన ప్రాంతపు పల్లెల్లోనే చిత్రీకరించి, ఊళ్లకు ఊళ్లను ఏడిపించాడు. ఏడ్చి ఇంటికొచ్చిన తర్వాత చాలామందికి ఒక ప్రశ్న మిగిలింది. సిరిసిల్లలోనైనా, జగిత్యాల, కోరుట్లలోనైనా ఆ సినిమా మాట గట్టిగా సాగిన చోట చివరికి చర్చ అక్కడికే చేరుతుంది. ఆఖర్న పిట్ట ముట్టడం సినిమా చేసిన తప్పా, తెలిసి చేసిన పనా? ముగింపు దొరకక దర్శకుడు కాకిని పిలిచాడా, లేక మొదటి నుంచీ దాని కోసమే ఆ చోటు ఖాళీగా ఉంచాడా?

కథ గుర్తు లేనివారికి నాలుగు మాటలు. కొమురయ్య ఊరందరినీ పలకరిస్తూ, పరాచికాలాడుతూ తిరిగే ముసలాయన. మనవడు సాయిలు అప్పుల్లో ఉన్నాడు. కట్నం డబ్బుతో గట్టెక్కుదామని పెండ్లి కుదుర్చుకున్నాడు. ఆ వేడుక ముంగిట తాత పోతాడు. పెద్దకొడుకు ఐలయ్య, చిన్నకొడుకు మొగిలయ్య, బిడ్డ లక్ష్మి, అల్లుడు నారాయణ శవం దగ్గర చేరుతారు. అల్లుడికీ ఆ ఇంటికీ 20 ఏళ్లుగా రాకపోకల్లేవు. ఆ పగకు మూలం ఒక దావత్‌లో దక్కని నల్లి బొక్క. మూడో రోజు పోయినాయన పేరిట పిట్టకు అన్నం పెడతారు, కాకి ముట్టదు. ఐదో రోజు పెడతారు, ముట్టదు. ఊరికి అరిష్టమని పంచాయతీ కూర్చుంటుంది. పదకొండో రోజూ ముట్టకపోతే వెలేస్తామంటుంది. ఆ రోజు బుడగజంగాల దంపతులు కథ పాడతారు. ఇల్లంతా ఏడుస్తుంది. అన్నదమ్ములు, ఆడబిడ్డ, అల్లుడు ఒక్కటవుతారు. పిట్ట ముడుతుంది.

తప్పు అనేవాళ్ల వాదనను తేలిగ్గా తోసేయలేం. అది ఈ నేల మీద పుట్టిన వాదన. 1978 సెప్టెంబర్‌లో రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్ర జరిగిన గడ్డ ఇది. ఆ మరుసటి నెలలోనే సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. సంఘం పాటలు వింటూ, మూఢనమ్మకాల మీద నాటకాలు చూస్తూ పెరిగిన తరం ఇక్కడ ఇంకా ఉంది. వాళ్లు అడిగేది సూటిగా ఉంటుంది: రెండు గంటల పాటు మనుషుల తప్పుల గురించి అంత నిజాయితీగా మాట్లాడిన సినిమా చివరి తీర్పును కాకి చేతికెందుకు ఇచ్చింది? కాకి రాకపోవడానికి సవాలక్ష కారణాలుంటాయి. చెట్లు పోయాక ఊళ్లలో కాకులే తగ్గాయి. కాకి రాకపోతే ఆవుకు పెట్టి కార్యం కానిచ్చే ఇళ్లున్నాయి, దర్భతో కాకిని చేసి పెట్టించే పురోహితులున్నారు. ఆచారమే ఒక పక్కదారి ఇచ్చినచోట సినిమా ఎందుకంత పట్టుబట్టింది? నిజంగానే పిట్ట ముట్టని ఇళ్ల సంగతేమిటి? తండ్రి తమను క్షమించకుండానే పోయాడన్న దిగులు ఆ ఇళ్లకు ఈ సినిమా మిగిల్చి పోదా?

ఇంకొందరి అభ్యంతరం వేరు. వాళ్లకు కాకితో పేచీ లేదు. 20 ఏళ్ల పగ ఒక్క పాటకు ఎట్లా కరుగుతుందన్నది వాళ్ల ప్రశ్న. కథ చేయాల్సిన పనికి దర్శకుడు పాటను అడ్డదారిగా వాడుకున్నాడని వాళ్లంటారు.

సమర్థించేవాళ్ల జవాబు తరచూ ఒకటే: మా దగ్గర గట్లనే అయితది. ఆ మాట నిజమే, కానీ సరిపోదు. ఊళ్లో ఉన్నదాన్ని ఉన్నట్టు చూపడం ఒక గుణం మాత్రమే. ఊళ్లో ఉన్నవాటిలోంచి దేన్ని ఏరి, ఎక్కడ పెట్టి, దాని ముందు దేన్ని నడిపి, వెనక దేన్ని నిలిపాడన్నదే పనితనం. నేను ఈ ముగింపును మెచ్చుకునేది నమ్మకం పేరు మీద కాదు, ఆ అల్లిక చూసి. అందుకే నమ్మకం మాట కొంతసేపు పక్కన పెడదాం.

అంతుబట్టని ముగింపు కనిపించినప్పుడల్లా ఇది పొరపాటా, ఎంపికా అన్న తగువు సినిమా లోకానికి కొత్త కాదు. సత్యజిత్ రాయ్ ‘చారులత’ 1964లో వచ్చింది. చివర్లో భార్యాభర్తలు ఒకరి వైపు ఒకరు చాచిన చేతులు కలవకముందే బొమ్మ గడ్డకట్టిపోతుంది. కలిశాయా లేదా అని ఇప్పటికీ అడిగేవాళ్లున్నారు. ఇరాన్ దర్శకుడు అబ్బాస్ కియరోస్తామీ 1997లో ‘టేస్ట్ ఆఫ్ చెర్రీ’ తీశాడు. చావాలనుకున్న మనిషి తాను తవ్వుకున్న గోతిలో పడుకుంటాడు. తెర చీకటైపోతుంది. ఆ వెంటనే వీడియో బొమ్మలో సినిమా బృందం, దర్శకుడు కనిపిస్తారు. ఆ చివరి ముక్క లేకపోతే బాగుండేదని గట్టిగా వాదించిన విమర్శకులున్నారు, అది లేకపోతే సినిమాయే లేదన్నవాళ్లూ ఉన్నారు.

మన దగ్గర ఇలాంటి తగువుకు నిండైన ఉదాహరణ వెంకటేష్ మహా తీసిన ‘కేరాఫ్ కంచరపాలెం’. 2018 సెప్టెంబర్ 7న విడుదలైంది. సుందరం, జోసెఫ్, గడ్డం, రాజు అనే నలుగురి ప్రేమలు ఒకే ఊళ్లో పక్కపక్కనే నడుస్తున్నట్టు చూపించి, ఆఖర్న ఆ నలుగురూ ఒక్కడే అంటుంది సినిమా. పేర్లు వేరు కదా, కాలం మారినట్టే లేదు కదా, ఇది మోసమన్నవాళ్లున్నారు. రెండోసారి చూడండి. ఏ కథలోనూ సంవత్సరం చెప్పే ఆనవాళ్లు ముందుకు రావు, ఒక కథలోని ప్రేమికుడు ఇంకో కథలోని ప్రేమికుడికి ఎదురు పడడు. అంత జాగ్రత్తగా తప్పించుకోవడం పొరపాటున జరగదు.

నాకు తెలిసిన పరీక్ష అదే. ముగింపు సరైనదా కాదా అన్నది ముగింపును చూసి తేల్చలేం. అది వచ్చే దారిలో సినిమా దానికి ఎంత ఖర్చు పెట్టిందో చూడాలి. పొరపాటైతే వెనక్కి వెళ్లినప్పుడు ఏమీ దొరకదు. ఎంపికైతే ప్రతి మలుపులోనూ ఒక గుర్తు దొరుకుతుంది.

‘బలగం’లో వెనక్కి వెళ్తే దొరికేది అన్నం.

ఈ సినిమాలో పగ పుట్టింది భూమి దగ్గర కాదు, బంగారం దగ్గరా కాదు. వడ్డన దగ్గర. నల్లి బొక్క అంటే తెలియని తెలంగాణ ఇల్లు లేదు. యాటను కోస్తే దొరికేవి కొన్నే. లోపలి గుజ్జును జుర్రుకునేటప్పుడు వచ్చే చప్పుడు పంక్తి చివరిదాకా వినిపిస్తుంది. అది ఎవరి పళ్లెంలో పడిందో అందరూ చూస్తారు. అల్లుడి పళ్లెంలో పడాల్సిందన్నది ఎవరూ రాయని చట్టం. గరిటె పట్టినవాడి చేతిలో ఆ పూట ఇంటి మర్యాదంతా ఉంటుంది. కనుక నారాయణకు దక్కకుండా పోయింది మాంసం ముక్క కాదు, ఆ ఇంట్లో తన స్థానం. బయటివాళ్లకు నవ్వు తెప్పించే కారణాన్ని పగకు మూలంగా ఎంచుకోవడం దర్శకుడి మొదటి గెలుపు. పెద్ద కారణం పెట్టి ఉంటే చూసేవాళ్లు ఎవరిది న్యాయమని లెక్కలు వేస్తూ కూర్చునేవాళ్లు. ఇంత చిన్న కారణానికి ఇంత పెద్ద కాలం పోయిందే అన్న దుఃఖం అప్పుడు పుట్టేది కాదు.

ఇప్పుడు అలక సంగతి చూడండి. మన ఇళ్లలో చిన్నపిల్ల అలిగినా, ముసలమ్మ అలిగినా, కొత్త అల్లుడు అలిగినా చేసే పని ఒక్కటే. అన్నం ముట్టరు. పిలిచినా రారు. బతిమాలితే మొహం తిప్పుకుంటారు. అలిగినవాడికి ఏం కావాలో వాడు నోటితో చెప్పడు, చెప్తే అలక విలువ పోతుంది. ఏమి లోటు చేశామా అని ఇంటివాళ్లే వెతుక్కోవాలి. కూరలో ఉప్పు తక్కువైందా, పిలుపులో తేడా వచ్చిందా, ఎవరైనా నోరు జారారా అని ఒక్కొక్కటీ తడుముకోవాలి.

పిట్ట ముట్టని రోజు కొమురయ్య ఇంట్లో జరిగేది అచ్చంగా ఇదే. 20 ఏళ్లు అల్లుడు ఆ ఇంటి అన్నం ముట్టలేదు. పోయాక మామ ముట్టడం లేదు. ఈ రెండు తిరస్కారాలూ ఒకే అచ్చులో పోసినవి. ఒకటి నవ్వు పుట్టించేలా, రెండోది భయం పుట్టించేలా వచ్చాయి కాబట్టి మొదటిసారి చూసినప్పుడు వాటి చుట్టరికం మనకు తట్టదు. కాకి అక్కడ ఆత్మకు దూతగా రావాల్సిన అవసరం లేదు. అలిగిన పెద్దమనిషి ఖాళీగా వదిలేసిన పీట చాలు. కావాల్సింది ఏదో ఒక మహిమ మాత్రమే అయితే దీపం వెలగొచ్చు, కల రావచ్చు, గాలి వీయవచ్చు, మన సినిమాల్లో వాటికి కొదవ లేదు. తినడంతో మొదలైన కథను తినడంతోనే ముగించాలన్న పట్టుదల వల్లే అక్కడికి కాకి వచ్చింది. ఇది నమ్మకానికి లొంగిన ముగింపైతే నల్లి బొక్క అవసరమే లేదు, ఆ పగకు ఏ గెట్టు పంచాయితీ అయినా సరిపోయేది.

మూడు, ఐదు, పదకొండు. ఈ మూడు మెట్లనూ దర్శకుడు కొత్తగా కట్టలేదు, తెలంగాణ దినాల వరుసలోనే ఉన్నాయి. కథకు కావాల్సిన మూడు అంకాలు ఆచారంలోనే దొరికితే వాటిని గుర్తించి అరువు తెచ్చుకోవడానికీ ఒక చూపు కావాలి. పిట్టకు పెట్టేటప్పుడు పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ పెడతారు. కల్లు తాగేవాడైతే కల్లు, బీడీ తాగేవాడైతే బీడీ. ముట్టకపోతే ఏది మరిచిపోయామని వెతుకుతారు. వస్తువు మార్చి చూస్తారు, మనుషులు మాత్రం మారరు. మొదటిసారి అది ఇంటి ఇబ్బంది. రెండోసారి ఊరి భయం. మూడోసారికి వస్తువులన్నీ అయిపోయి, ఇంక పెట్టడానికి వాళ్ల దగ్గర తాము తప్ప ఏమీ మిగలదు. ఈ మెట్లు ఎక్కించిన తీరు జానపద కథ తీరు. మూడుసార్లు అడగని రాజకుమారి, మూడు ద్వారాలు లేని కోట మన అవ్వలు చెప్పిన కథల్లో ఉండవు.

కాకి కోసం ఎదురుచూసే సన్నివేశాల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. నటులకు అక్కడ చేయడానికి పనేమీ లేదు. దూరంగా నిలబడి చూడాలి, అంతే. మాట లేదు, దెబ్బలాట లేదు. ఒక పక్షి వస్తుందా రాదా అని పెద్ద పెద్ద మనుషులు నోళ్లు మూసుకుని నిలబడటం చూస్తే నవ్వొస్తుంది. ఆ నవ్వు ఒక్క క్షణం ఎక్కువ సాగితే గుండెలో గుబులు పుడుతుంది. ఎక్కడ నవ్వు ఆగి ఎక్కడ గుబులు మొదలవ్వాలో కొలిచి చూపించడం హాస్యం చేసి బతికినవాడికే తెలుస్తుందని నా గట్టి నమ్మకం. జబర్దస్త్ వేదిక వేణుకు నేర్పింది జోకులు మాత్రమే కాదు, జోకుకూ జోకుకూ మధ్య ఎంతసేపు ఊరుకోవాలో కూడా. సాయిలుకు తాత పోయిన దుఃఖం కన్నా పెండ్లి పోతుందన్న దిగులు ముందుండటంలో, చావింట్లోనే మాటల తూటాలు పేలడంలో అదే చెయ్యి కనిపిస్తుంది. మన చావిళ్లు అట్లాగే ఉంటాయి. డప్పు మోగుతుంది, కల్లు నడుస్తుంది, మూలకు కూర్చున్నవాళ్లు పోయినాయన మీద పాత ముచ్చట్లు చెప్పుకుని నవ్వుతారు, ఇంతలో ఇంకో చుట్టం రాగానే ఏడుపు మళ్లీ లేస్తుంది.

కొమురయ్యగా సుధాకర్ రెడ్డి తెర మీద ఉండేది కొద్దిసేపే. ఆ కొద్దిసేపు చేసిన పని సినిమా చివరిదాకా నిలవాలి. అందుకే ఆయన బతికున్న భాగంలో కథ కన్నా పలకరింపులు ఎక్కువ. ‘ఊరు పల్లెటూరు’ పాట ఊరిని తెల్లారగట్ల నుంచి పరిచయం చేస్తుంది. భీమ్స్ సిసిరోలియో బాణీ, మంగ్లీ, రామ్ మిరియాల గొంతులు, కాసర్ల శ్యామ్ సాహిత్యం. 71వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో ఉత్తమ గీత రచన గౌరవం కాసర్ల శ్యామ్‌కు ఈ పాటకే దక్కింది. ఆ పాట వినసొంపు కోసమే ఉందనుకుంటాం. అది పునాది. ఊరందరితో మాట కలిపే మనిషిని మనకు అలవాటు చేసి, ఆ తర్వాత ఆ మనిషి మాట్లాడటం మానేస్తే ఎట్లుంటుందో చూపిస్తాడు దర్శకుడు. కొమురయ్య ముభావంగా ఉండే మనిషైతే పిట్ట ముట్టకపోవడంలో వింతేమీ ఉండేది కాదు. పిలవకపోయినా పలికే మనిషి పిలిచినా పలకకపోవడం వల్లే ఆ మౌనం కోతగా తగులుతుంది.

ఇక పాట. ఒక్క పాటకే పగ పోతుందా అన్న రెండో అభ్యంతరానికి జవాబు ఇక్కడుంది.

పగలు ఏళ్ల తరబడి నిలిచేది కోపం వల్ల అనుకుంటాం. కోపం నాలుగేళ్లకు చల్లారుతుంది. ఆ తర్వాత నిలబెట్టేది ఒక్కటే ప్రశ్న: ముందు ఎవరు మాట్లాడాలి? మాట్లాడినవాడు తగ్గినట్టు. అల్లుడు ముందు మాట్లాడితే నల్లి బొక్క కోసం చేసిన గొడవ తప్పని ఒప్పుకున్నట్టు, బామ్మర్ది ముందు మాట్లాడితే ఇంటి పరువు పోయినట్టు. ఈ ముడిని చుట్టాలు విప్పలేరు, ఎందుకంటే వాళ్లు ఎవరో ఒకరి వైపు ఉంటారు. బుడగజంగాల కళాకారులు ఎవరి వైపూ కాదు. చనిపోయిన మనిషి బతుకును, సంతానాన్ని, చుట్టరికాలను కథలో పేనుకుంటూ దినాల నాడు పాడటం వాళ్ల వృత్తి. వాళ్లు పాడుతున్నంతసేపు ఎవరూ ఎవరితోనూ ముందు మాట్లాడాల్సిన పని లేదు. అందరూ ఒకేసారి తండ్రి కోసం ఏడవవచ్చు. ఆ ఏడుపు చాటున ఒకరి కోసం ఒకరు ఏడ్చుకోవచ్చు. ఎవరూ తగ్గలేదు, అందరూ కలిశారు. ఇంతకన్నా సరిగ్గా ఆ ముడి విప్పే పనిముట్టు మన ఊళ్లలో ఇంకోటి ఉందా? అడ్డదారి అన్నవాళ్లు పాటను మనసు కరిగించే మందుగా చూశారు. అది మధ్యవర్తి. మందు పనిచేయడానికి టైం పట్టవచ్చు గానీ, 20 ఏళ్లుగా ఒక సాకు కోసం ఎదురుచూస్తున్నవాళ్లకు మధ్యవర్తి దొరికితే నిమిషం చాలు.

పాడింది పస్తం మొగిలయ్య, కొమురమ్మ. వరంగల్ వైపు దుగ్గొండికి చెందిన భార్యాభర్తలు. నిజ జీవితంలోనూ ఊరూరా కథ చెప్పి బతికినవాళ్లు. సినిమా శిఖరానికి చేరేచోట దర్శకుడు పేరున్న గాయకులను తేలేదు, ఏడిపించే మాటల్ని నటుల నోట పెట్టలేదు. తాను పక్కకు తప్పుకుని, ఆ పని తరతరాలుగా చేస్తున్నవాళ్లకు చోటిచ్చాడు. కొత్త దర్శకుడికి అంత ధైర్యం అరుదు. ఐలయ్యగా జయరాం, నారాయణగా మురళీధర్ గౌడ్, లక్ష్మిగా రూపలక్ష్మి, సాయిలుగా ప్రియదర్శి, అందరూ అక్కడ నటులుగా కన్నా శ్రోతలుగా కనిపించడం ఆ నిర్ణయం ఫలితమే. మొగిలయ్య 2024 డిసెంబర్‌లో కన్నుమూశారు.

వరుసను కూడా గమనించండి. ముందు పాట, తర్వాత ఏడుపు, తర్వాత కలయిక, ఆ తర్వాతే పిట్ట. ఇది తలకిందులైతే, పిట్ట ముందు ముట్టి దాన్ని చూసి మనుషులు కలిసి ఉంటే, హేతువాదుల అభ్యంతరం నూటికి నూరుపాళ్లు నిలిచేది. అప్పుడు కాకే కారణం, మనుషులు ఫలితం. వేణు పెట్టిన వరుసలో కాకి దేన్నీ జరిపించదు. అది వచ్చేసరికి జరగాల్సింది జరిగిపోయింది. ఆ చివరి ముక్కను కత్తిరించి చూసినా ఆ కుటుంబం కలిసే ఉంటుంది. నమ్మేవాళ్లు కొమురయ్య తృప్తి పడ్డాడంటారు. నమ్మనివాళ్లు ఒక కాకికి ఆకలేసిందంటారు. కలిసిన కుటుంబానికి రెండిట్లో ఏదైనా ఒకటే. పెద్దాయన అలక తీరిందన్న రూపం మాత్రం ఇద్దరికీ అందుతుంది. రెండు రకాల మనుషులకూ ఒకే ముగింపు వడ్డించగలగడం చిన్న పని కాదు.

అయితే ఒక్కచోట నేను తప్పు అనేవాళ్ల పక్కన నిలబడతాను. వాళ్లు వేలు పెట్టిన కాకి దగ్గర కాదు, పంచాయతీ దగ్గర. పదకొండో రోజు ముట్టకపోతే వెలేస్తామన్న బెదిరింపును సినిమా కథ ముందుకు నడవడానికి వాడుకుంది. పిట్ట ముట్టగానే ఆ బెదిరింపు చప్పుడు లేకుండా జారిపోతుంది. ఒక ఇంటి దుఃఖం మీద ఊరు అంత అధికారం ఎట్లా చేస్తుందని ఎవరూ గట్టిగా నిలదీయరు. వేరే ప్రాంతంలోనైతే దీన్ని కథ సౌకర్యంగా వదిలేసేవాణ్ని. కానీ వెలి అన్నది ఇక్కడ ఉత్త మాట కాదు. 1978లో ఇదే జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లో రైతుకూలీ సంఘాలు దొరలకు చాకలి, మంగలి పనులు ఆపించి సాంఘిక బహిష్కరణను పేదవాడి ఆయుధంగా మార్చాయి. ఆ తర్వాతి కాలంలో జగిత్యాల, నిజామాబాద్ వైపు ఊళ్లలో గ్రామాభివృద్ధి కమిటీల పేరుతో అదే ఆయుధం తిరగబడి మామూలు కుటుంబాల మీద పడింది. మాట్లాడితే జరిమానా, సరుకు అమ్మితే జరిమానా అన్న కట్టుబాట్ల వార్తలు ఇప్పటికీ వస్తుంటాయి. అంత బరువున్నదాన్ని తెచ్చి కథలో పెట్టినప్పుడు దానికి జవాబు చెప్పే బాధ్యత కథకుడిదే. వేణు చెప్పలేదు. ఈ సినిమాలో నిజమైన పొరపాటు ఏదైనా ఉంటే అదే.

పొరుగు భాషల్లో చావింటి కథను వేరేగా ముగించిన సినిమాలున్నాయి. రామ్ రెడ్డి కన్నడంలో తీసిన ‘తిథి’ 2015లో లొకార్నో చిత్రోత్సవంలో బహుమతి గెలిచింది. మండ్య జిల్లా పల్లెలో 101 ఏళ్ల సెంచరీ గౌడ పోతాడు. ఆ కథ శోకం వైపు పోదు, భూమి కాగితాల వైపు పోతుంది. చావును సాకుగా పెట్టుకుని బతికున్నవాళ్లు చేసే బేరాలను అది దూరంగా నిలబడి చూస్తుంది. లిజో జోస్ పెల్లిస్సేరి మలయాళంలో తీసిన ‘ఈ.మ.యౌ’ 2018లో వచ్చింది. తండ్రికి ఘనమైన అంత్యక్రియలు చేస్తానని మాటిచ్చిన కొడుకు చివరికి ఇంటి ముందే గొయ్యి తవ్వుతాడు. ఆఖరి దృశ్యంలో సముద్రం ఒడ్డున చనిపోయినవాళ్లు పడవల కోసం నిలబడి ఉంటారు. ఆ రెండూ పండితులు మెచ్చిన ముగింపులు, నాకూ ఇష్టమైనవి. వాటి పక్కన ‘బలగం’ ముగింపు పాతకాలపుదిగా, మెత్తనిదిగా కనిపిస్తుందని కొందరంటారు. కలపడం విడగొట్టడం కన్నా సులువన్న అపోహ ఆ మాటలో ఉంది. తెర మీద మనుషులను విడగొట్టడానికి ఒక మాట చాలు. చూసేవాడు సిగ్గుపడకుండా ఏడ్చేట్టు కలపాలంటే మొదటి నుంచీ ప్రతి పళ్లెం లెక్క చూసుకోవాలి.

సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల చుట్టూ ఉన్న ఇళ్ల సంగతి తలుచుకుంటే ఆ ముగింపు ఇక్కడ ఎందుకంత లోతుగా దిగిందో అర్థమవుతుంది. సిరిసిల్ల మగ్గాల మీద బతుకు సాగక సూరత్‌కు, భివండికి, షోలాపూర్‌కు పోయినవాళ్లు ఎందరో. జగిత్యాల, కోరుట్ల పల్లెల్లో గల్ఫ్‌కు మనిషిని పంపని వాడ దొరకడం కష్టం. ఆడవాళ్లు బీడీలు చుట్టి ఇల్లు నడుపుతుంటే మగవాళ్లు దుబాయ్‌లో, మస్కట్‌లో ఉంటారు. తండ్రి చావును ఫోన్‌లో చూసిన కొడుకులున్నారు. పెట్టెలో తిరిగొచ్చిన కొడుకును చూసిన తండ్రులూ ఉన్నారు. అన్నదమ్ములు ఒకచోట కూడేది చావుకే. అది కూడా అందరికీ కుదరదు. అట్లాంటి ఇళ్లకు దినాలంటే తంతు కాదు, ఎదురుపడే ఒకే ఒక్క అవకాశం. పిట్ట ముట్టకపోతే మళ్లీ కూర్చోవాలి, మళ్లీ ఒకరి మొహం ఒకరు చూసుకోవాలి. కథలో కాకి ఆలస్యం చేసింది కాబట్టే వాళ్లు పదకొండు రోజులు ఒక ఇంట్లో ఉన్నారు. మూడో రోజే ముట్టి ఉంటే నారాయణ ఆ సాయంత్రమే తన ఊరి బస్సెక్కేవాడు, కథ అక్కడే అయిపోయేది.

2023 ఎండాకాలంలో తెలంగాణ ఊళ్లలో నడిబజార్లో తెరలు కట్టి ఈ సినిమా వేసుకున్నారు. ఊరంతా నేల మీద కూర్చుని చూసింది. మాటల్లేని అన్నదమ్ములు ఆ సినిమా చూశాక కలిశారన్న వార్తలు పత్రికల్లో వచ్చాయి. ఆ గుంపును ఊహించుకోండి. ఒకరితో ఒకరు మాట్లాడని ఇద్దరు ఒకే తెర ముందు, ఊరందరి మధ్యన, ఒకే పాట వింటూ కూర్చున్నారు. ఎవరూ ముందు నోరు విప్పాల్సిన పని లేదు. కొమురయ్య వాకిట్లో జరిగిందే ఊరి నడుమ మళ్లీ జరిగింది. పొరపాటున పెట్టిన ముగింపు అయితే, తెర బయట అంత కచ్చితంగా పనిచేసేది కాదు.

కాబట్టి నా తీర్పు: పంచాయతీని గాలికొదిలేయడం పొరపాటు, పిట్ట ముట్టడం ఎంపిక. ఈ సినిమా మీద చేయదగ్గ వాదన ఇంకా చాలా ఉంది, ముఖ్యంగా మొదటిదాని మీద. రెండోదాని మీద అనుమానం తీరనివాళ్లకు ఒక విన్నపం. మళ్లీ చూసేటప్పుడు కాసేపు కాకిని మర్చిపోయి పళ్లేలను చూడండి. ఎవరు ఎవరికి వడ్డిస్తున్నారో, ఎవరు తింటున్నారో, ఎవరు తినకుండా లేస్తున్నారో లెక్కపెట్టండి. ఆ తర్వాత చర్చకు కూర్చుందాం.